రెండో సీటు

నేను చేసింది పెద్ద నేరమేమీ కాదని నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. ఎవరినీ కొట్టలేదు. ఎవరి సొమ్మూ ముట్టలేదు. ఒక పెద్దాయన ఒక ప్రశ్న అడిగాడు, నేను "లేరు" అన్నాను. అంతే. ఆ మాట ఇన్నేళ్లుగా నాతోపాటే లేస్తుంది, నాతోపాటే పడుకుంటుంది. పెళ్లయింది, ఉద్యోగం వచ్చింది, చెవుల పక్కన జుట్టు నెరిసింది. అది మాత్రం ఏమీ అరగలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మా ఇంటి పేరు మీకు తెలియదు కాబట్టి మీ ముందు తల దించడం కొంచెం సులువు. తెలిసినవాళ్ల ముందు ఇప్పటికీ దించలేను. మా ఇంట్లో ఆ పని ఎవరికీ చేతకాలేదు.

మాది పుదుచ్చేరి. మా పెద్దలు ఏ కాలంలో తెలుగు సీమ నుంచి దిగి వచ్చారో ఎవరికీ సరిగ్గా తెలియదు. వచ్చి, ఊరి చుట్టూ నేల సంపాదించారు. మా ముత్తాత నాటికి పొలాలూ, బండ్లూ, నడిస్తే ముందూ వెనకా మనుషులూ ఉండేవారట. నేను పుట్టేసరికి వాటిలో మిగిలింది వీపు నిటారుగా పెట్టి కూర్చునే అలవాటు ఒక్కటే. ఇందిరా నగర్‌లో ఒక మేడయింటి కింది వాటాలో అద్దెకుండేవాళ్లం. నాన్న ఒక విత్తనాల కొట్టులో లెక్కలు రాసేవాడు. ఎవరైనా అడిగితే "స్నేహితుడికి సాయంగా పోతుండా" అనేవాడు. ఆ స్నేహితుడు నాన్నను "ఏమయ్యా, ఇట్రా" అని పిలవడం నేనొకసారి విన్నాను. విన్నట్టు ఆయనకు తెలియనివ్వలేదు.

ఆ పరువే నా మార్కుల్నీ మింగింది. ప్లస్ టూ లెక్కలు నాకు ఎక్కలేదు. వీధిలో పిల్లలంతా ట్యూషన్‌కు పోయేవాళ్లు. "మన ఇంటి పిల్ల ఒకరి గడపలో చాపేసుకుని కూర్చుంటుందా?" అన్నాడు నాన్న. నేనూ అదే అనుకున్నాను. నిజానికి నాన్నకంటే గట్టిగా అనుకున్నాను. పరీక్షలు ముగిసిన రోజే నాకు తెలిసిపోయింది, ఊళ్లో అందరూ కోరుకునే ఆ ఆడపిల్లల కాలేజీలో మామూలు దారిన నాకు చోటు దొరకదని. అది మా మేనత్తలు ముగ్గురూ చదివిన కాలేజీ. పొలాలు పోయినా, బంగారం పోయినా, మా ఇంటి ఆడపిల్లలు అక్కడే చదువుతారన్న మాట ఇంకా మిగిలి ఉంది. నేను ఇంకెక్కడ చేరినా, మేము పడిపోయామని ఊరంతా చాటించినట్టే.

దారి చూపించింది చిన్నాయన. "మన తెలుగోళ్ల సంఘానికి ఆ కాలేజీలో సీటుండాది. మార్కులు తక్కువైనా చూడరు. తెలుగిండ్ల పిల్ల అయితే చాలు. పెద్దల ముందర కూర్చోని తెలుగు చదవాల, నాలుగు ముక్కలు రాయాల. అంతే."

అంతే, అన్నాడు. ఆ సంఘం పెట్టినవాళ్లలో మా ముత్తాత ఒకరు. కానీ మా ఇంట్లో ఒక్కరికీ తెలుగు అక్షరం రాదు. మేము తెలుగులో తిట్టుకుంటాం, తెలుగులో ఏడుస్తాం, రాయాల్సి వస్తే తమిళంలో రాస్తాం. మా అవ్వ మంగళహారతి పాటలు కూడా తమిళ అక్షరాల్లోనే రాసుకునేది. ఇక్కడి పాత తెలుగిళ్లలో చాలావాటి సంగతి ఇదే. ఎవరూ దాన్ని లోటనుకోరు, ఎవరైనా అడిగేదాకా.

మేడ మీది వాటాలో యానాం నుంచి బదిలీ మీద వచ్చిన క్లర్కు కుటుంబం ఉండేది. తండ్రి, తల్లి, వాళ్లమ్మాయి రత్నకుమారి. రత్న నా ఈడుదే. పదో తరగతి దాకా యానాంలో తెలుగులో చదివి, ఇక్కడికొచ్చి ఒక్కసారిగా ఇంగ్లీషులో పడి తన్నుకుంటూ ఉండేది. వాళ్లమ్మకు తమిళం ఒక్క ముక్క రాదు. కూరలబండి వస్తే గేటు దగ్గర నిలబడి వేళ్లతో బేరమాడేది. వాళ్లూ మేమూ ఒకే ఓనరుకు అద్దె కట్టేవాళ్లం. అయినా వాళ్లు పైన, మేము కింద ఉండటం నాకు ఎక్కడో గుచ్చుకునేది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. అప్పుడు వేయలేదు.

నాకు అక్షరాలు నేర్పమని రత్నను అడిగాను. ఎందుకో చెప్పలేదు. మా ముత్తాత పుస్తకాలున్నాయి, చదివి అవ్వకు వినిపించాలన్నాను.

"అదేంటే, మీరు తెలుగోళ్లే కదా! అక్షరాలు రావా?"

"మేం తమిళంలో రాసుకుంటాం."

"ఆయ్! అయితే మీది అరవ తెలుగన్నమాట."

"మీది మాత్రం ఏంది? అన్నిటికీ అండి. కుక్కని తోలినా పోండి అంటారేమో."

"కుక్కల్ని అనం. జమీందార్లని అంటాం. రండి జమీందారు గారూ, ఇలా కూర్చోండి. అ అనండి."

అలా మొదలైంది. ఆ వేసవి ఎంత బాగుండేదో మీకు చెప్పకుండా నా తప్పు చెప్పలేను. బాగుండటమే దాని బరువు. సాయంత్రాలు మేడ మీదికి పోయేవాళ్లం. రత్న ఒక చెంబుతో నీళ్లు తెచ్చేది. పగలంతా కాగిన గచ్చు మీద వేలితో నీళ్లక్షరం రాసేది. అది ఆరిపోయేలోపు నేను చదవాలి. చదవలేకపోతే, సముద్రం మీది నుంచి గాలి వచ్చేదాకా దానికి నేను విసనకర్రతో విసరాలి. మొదట్లో అన్నీ ఆరిపోయేవి. "క" చూసి నేను ఆలోచిస్తుండగానే తలకట్టు ఎగిరిపోయేది, తర్వాత కింది మెలిక, తర్వాత ఒట్టి గచ్చు. రత్న పొట్ట పట్టుకుని నవ్వేది. మే నెల వచ్చేసరికి నేనే గెలవడం మొదలుపెట్టాను. అది రాస్తుండగానే నేను చదివేసేదాన్ని. "ఇంక నువ్వు విసరక్కర్లేదు, నేనే విసురుతాను" అని నిజంగానే ఒకరోజు నాకు విసిరింది.

బదులుగా నేను దానికి తమిళం నేర్పాను. ఆదివారాలు సైకిళ్ల మీద తేంగాయితిట్టు చేపల రేవుకు పోయి, వేలం పాటల అరుపుల మధ్య నిలబడి, పడవల మీద రాసిన పేర్లు చదివించేదాన్ని. అది ఒక్కో పేరూ కూడబలుక్కుని చదివితే చేపలమ్మే అక్కలు చప్పట్లు కొట్టేవాళ్లు. కొంత తమిళం రాగానే రత్న వాళ్లమ్మకు నోరయింది. కూరలబండి దగ్గర తల్లి తెలుగులో సణుగుతుంటే కూతురు తమిళంలో బేరమాడేది. ఆవిడ నవ్వడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

ఇక ఆ పుస్తకాల సంగతి. మా ఇంట్లో ఒక ట్రంకుపెట్టె నిండా ముత్తాత పుస్తకాలుండేవి. ఏటా సరస్వతీ పూజనాడు అవ్వ వాటిని బయటికి తీసి, తుడిచి, పసుపు రాసి బొట్లు పెట్టేది. అన్నిట్లోకీ లావుపాటిది ఎర్రగుడ్డలో చుట్టి ఉండేది. అది ముత్తాత పారాయణ చేసిన గ్రంథమని మా నమ్మకం. దానికి మాత్రం కర్పూర హారతి కూడా. ఒకరోజు రత్న ఆ గుడ్డ విప్పి, మధ్యలో ఒక పేజీ తీసి, భక్తిగా గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టింది.

"ఎద్దునకు కడుపుబ్బరము పట్టినచో..."

ఆగింది. ఇంకో పేజీ తిప్పింది. గేదెల పొదుగు వాపు. ఇంకో పేజీ. గిట్టల పుండ్లు. అది పశువైద్యం పుస్తకం. రత్న నా వంక చూసింది, అవ్వ వంక చూసింది, పెదాలు బిగబట్టి చూసింది, ఇక ఆపుకోలేక నేల మీద పడి నవ్వింది. అవ్వ మాత్రం చెదరలేదు.

"అయితే ఏంది? ఆవు దేవుడు కాదా? ఎద్దు దేవుడు కాదా? కాళ్లు కడుక్కోని చదవండి."

నేనూ నవ్వాను. నిజంగానే నవ్వాను. కానీ నవ్వుతూనే లోపల లెక్క వేసుకున్నాను. ఎన్ని తరాలుగా మేము ఎద్దు కడుపుబ్బరానికి హారతి పట్టామో, ఆ సంగతి బయటివాళ్లలో రత్నకొక్కదానికే తెలుసు.

ఆ లెక్క ఎందుకు వేసుకున్నాను? స్నేహితురాలి నవ్వులో నాకు అంత భయం ఎందుకు కనిపించింది? రత్న ఎవరికీ చెప్పలేదు. చెప్పే మనిషి కాదు. అది నాకు అప్పుడూ తెలుసు.

ఫలితాలొచ్చాయి. నా మార్కులు నేననుకున్నంత తక్కువే. రత్నవి నాకంటే కాస్త నయం, అంతే. ఇంగ్లీషు దాన్ని కిందికి లాగేసింది. కాలేజీ గోడకు అంటించిన పేర్లలో ఇద్దరమూ లేము. ఆ సాయంత్రం రత్న మేడ మీద బట్టలు ఆరేస్తుంటే నేను తీగ పట్టుకుని నిలబడ్డాను. అది ఒక చీర దులుపుతూ అడిగింది.

"ఏమే, మీ తెలుగోళ్ల సంఘం ఒకటుందంటగా? నాన్నగారి ఆఫీసులో ఎవరో అన్నారంట, ఆ కాలేజీలో వాళ్లకి సీటుందని. నీకేమన్నా తెలుసా?"

చీర మా ఇద్దరి మధ్యా ఉంది. దాని మొహం నాకు కనబడలేదు. నా మొహం దానికి కనబడలేదు. కనబడి ఉంటే? ఈ ప్రశ్న నేను చాలాసార్లు వేసుకున్నాను. కనబడినా అదే అనేదాన్నేమో.

"ఉండాది. అయితే అది తరతరాలుగా ఈడ ఉండేవాళ్లకే. యానాం వాళ్లకి ఇయ్యరు."

"అడిగి చూసినా ఇవ్వరా?"

"అడిగితే మీ నాన్నకే మర్యాదగా ఉండదు. ఆ పెద్దోళ్లు ఒకమాదిరిగా, చులకనగా మాట్లాడతారు."

చీర అంచున క్లిప్పులు ఒక్కొక్కటే పడ్డాయి. తర్వాత రత్న అంది: "పోన్లే. మొహం మీద అనిపించుకోవడం కంటే నయం. ముందే చెప్పి మంచి పని చేసావ్." బకెట్లోంచి ఇంకో బట్ట తీస్తూ అంది: "ఇక్కడ సీటు రాకపోతే నన్ను యానాం పిన్నిగారింటికి పంపేస్తారే. మా అమ్మకి కూరలబండోడితో ఎవరు మాట్లాడతారో."

అలాంటి నియమం ఉందని నాకెవరూ చెప్పలేదు. నేనే పుట్టించాను. ఉన్నది ఒక్క సీటే అనుకున్నాను. రత్న వచ్చి పెద్దల ముందు కూర్చుంటే, మూడు నెలల కిందట అక్షరాలు దిద్దిన నన్ను ఎవరు చూస్తారు? భయపడ్డాను. ఇంతవరకైతే, ఎవరితోనైనా చెప్పుకుని ఏడ్చి ఊరుకునేదాన్నేమో. పద్దెనిమిదేళ్లు కూడా నిండని పిల్ల, భయపడి అబద్ధమాడింది. మీరైనా అర్థం చేసుకుంటారు.

తర్వాతది అలాంటిది కాదు.

కదిర్కామంలో సంఘం పెద్దాయన ఇంటి ముందుగదిలో పిలుపు. ముగ్గురు ముసలివాళ్లు కూర్చున్నారు. అమ్మ చీర కట్టుకుని, వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాను. ఒక పుస్తకం ఇచ్చి చదవమన్నారు. చదివాను. తడబడలేదు. ఆరిపోయే అక్షరాలు చదివినదాన్ని, కాగితం మీద కదలకుండా ఉన్నవాటికి తడబడతానా? నాలుగు వాక్యాలు చెప్పి రాయమన్నారు. రాశాను. మధ్యలో కూర్చున్న పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"వి.ఆర్. గారి మునిమనవరాలు! మన పాత ఇండ్ల పిల్ల ఇంత బాగా చదవంగా ఎన్నాళ్లాయ వినీ! యాడ నేర్చుకుంటివి తల్లీ?"

"మా ఇంట్లోనే. మా అవ్వ నేర్పింది."

ఎంత సులువుగా వచ్చిందో. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సీటు నాకేనని పెద్దాయన అప్పుడే చెప్పేశాడు. నేను లేచి దండం పెట్టాను. గడప దాకా పోయాక వెనక నుంచి పిలిచాడు.

"రెండు సీట్లుండాయి తల్లీ. చదవగలిగే పిల్ల దొరక్క ప్రతి ఏడూ రెండోది ఊరికే పోతుండాది. ఇప్పుడు యానాం వాళ్లు, ఆంధ్రా వాళ్లు శానామంది వస్తుండారు కదా, వాళ్లయినా పరవాలేదు. శుక్రవారం దాకా టైముండాది. నీకు తెలిసిన పిల్లలెవరన్నా ఉండారా?"

నా సీటు నాకు వచ్చేసింది. ఇక పోయేదేమీ లేదు. ఒక్క పేరు చెబితే చాలు.

"లేరు" అన్నాను.

ఎందుకు? ఆ గడప మీద నేను ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, బహుశా ఒక్క క్షణమే. కానీ ఆ క్షణంలో నాకు చాలా కనిపించాయి. రత్న వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటుంది. గలగలా చదువుతుంది. మీ ఇల్లెక్కడమ్మా అని అడుగుతారు. ఫలానావాళ్ల మేడ మీద అంటుంది. ఓహో, వి.ఆర్. గారి వాళ్ల ఇంట్లోనా అంటారు. నేనే ఆ అమ్మాయికి అక్షరాలు నేర్పానండీ, అంటుంది నవ్వుతూ, గర్వంగా, నా గురించి మంచి చెబుతున్నాననుకుంటూ. అంతే, సంఘం పెట్టిన మనిషి మునిమనవరాలు పైవాటా క్లర్కు కూతురి దగ్గర అ ఆలు దిద్దుకుందని తెలిసిపోతుంది. హారతి పట్టిన పుస్తకం సంగతీ ఏదో ఒకరోజు బయటపడుతుంది. ఇవన్నీ జరుగుతాయని కాదు. జరగవచ్చని. ఆ "వచ్చు" కోసం నేను ఒక పిల్ల చదువును గడప మీద వదిలేసి బయటికొచ్చాను.

శుక్రవారం దాకా నాలుగు రోజులున్నాయి. నాలుగు రోజులూ మేడ మెట్లు నా కళ్లెదుటే ఉన్నాయి. ఎక్కలేదు.

రత్నే దిగి వచ్చింది. నాకు సీటొచ్చిందని అవ్వ ద్వారా విన్నదట. వాళ్లమ్మ చేసిన బెల్లం గవ్వలు గిన్నెలో పట్టుకొచ్చింది. విషయం అర్థమై నా భుజం మీద ఒకటి చరిచింది.

"అందుకా నీ అ ఆలు! అవ్వకి చదివి పెడతానని నా దగ్గర నాటకాలాడావా? ముందే చెప్పుంటే ఇంకా గట్టిగా నేర్పేదాన్ని కదే!"

దాని గొంతులో వెతికాను. కోపం కోసం, ఎత్తిపొడుపు కోసం. ఏమీ దొరకలేదు. దొరికి ఉంటే నాకు కొంత బాగుండేది.

జూన్ చివర్లో వాళ్ల నాన్న దాన్ని యానాం తీసుకెళ్లాడు. బస్సుకు బయల్దేరేముందు ఆటోలోంచి తల బయటపెట్టి, "జమీందారు గారూ, మర్చిపోకండి, వొత్తులు జాగ్రత్తండీ" అని అరిచింది. దాని నోట నేను విన్న చివరి మాట అదే. పిన్నిగారింట్లో ఉండి ఏం చదివిందో, చదివిందో లేదో నేను అడగలేదు. అడగాలంటే వాళ్లమ్మ కళ్లలోకి చూడాలి.

వాళ్లమ్మ మళ్లీ గేటు దగ్గర వేళ్లతో బేరమాడటం మొదలుపెట్టింది. నేను కొత్త కాలేజీకి కొత్త సంచీతో పోతూ ఆ పక్కనుంచే నడిచేదాన్ని. ఒకరోజు ఆగి, ఆవిడ తరఫున కూరలబండతనితో తమిళంలో మాట్లాడాను. ఆ తర్వాత రోజూ మాట్లాడాను. ఆవిడ నా తల నిమిరి, "మా రత్న లేని లోటు తీరుస్తున్నావమ్మా, బంగారుతల్లీ" అనేది. ఆ చెయ్యి తీసేయమని అనలేకపోయాను. బస్సులో కూర్చున్నాక కూడా నెత్తి మీద ఆ చెయ్యి ఉన్నట్టే ఉండేది. మరుసటేడు వాళ్ల నాన్నకు యానాం బదిలీ అయింది. వాళ్లు వెళ్లిపోతుంటే నాకు హాయిగా అనిపించింది. అదీ మీకు చెప్పాలి.

ఆ కాలేజీలో డిగ్రీ చదివాను. మా పరువు నిలబడింది. ఇప్పుడు ఆ రోజులు తలుచుకుంటే నాకు ఆ కాలేజీ గుర్తు రాదు. కాగిన గచ్చు మీద నీళ్ల వాసన గుర్తొస్తుంది. పడవ పేరు కూడబలుక్కుంటూ రత్న ముడిచిన కనుబొమలు గుర్తొస్తాయి. నా జీవితంలో నేను వీపు వంచి, కాళ్లు బారచాపి, ఎవరి ఇంటిపిల్లనో మరిచిపోయి కూర్చున్నది ఆ ఒక్క వేసవిలోనే. దాన్ని నా చేత్తోనే పాడు చేసుకున్నాను.

వెతకవచ్చు కదా అంటారు. ఈ రోజుల్లో మనిషిని వెతకడం ఎంతసేపు? ఒకటి రెండుసార్లు ఫోనులో పేరు సగం కొట్టి చెరిపేశాను. క్షమిస్తుందేమోనని భయం. రత్న నవ్వి, "పోన్లే" అంటుంది. ఆ మాట నేను తీసుకోలేను.

ఈ ఏడు సంఘం వాళ్లు నన్ను పిలిచారు. సీటు కోసం వచ్చే పిల్లల ముందు కూర్చోవడానికి పాతవాళ్లు మిగల్లేదట. పిలవడానికి వచ్చిన ఆయన మా హాల్లో కూర్చుని ఎంతో మర్యాదగా అన్నాడు: "మీటింగుల్లో మీ అవ్వగారి మాటే చెప్తుంటాం మేడం. ఇంట్లోనే మనవరాలికి తెలుగు నేర్పిన ఇల్లాలు. ఇప్పటి తల్లులకి అదే చెప్తాం." అవ్వ పోయి చాలా కాలమైంది. ఒక్క తెలుగు అక్షరం రాని మా అవ్వ, నా అబద్ధం వల్ల, ఇన్నేళ్లుగా ఆ సంఘంలో అక్షరాలు దిద్దిస్తూ ఉంది. నేను కాఫీ ఇచ్చాను. ఆలోచించి చెబుతానన్నాను.

ఆయన వెళ్లాక ఇది రాయడం మొదలుపెట్టాను. అక్కడికి పోయి నిజం చెబుతానో లేదో మీకు మాట ఇవ్వలేను. మా ఇంటివాళ్లం మాట తప్పమని గొప్పలు చెప్పుకుంటాం. అందుకే ఇవ్వడం లేదు. మీకు చెప్పినంత మాత్రాన నా తప్పు కొంచెం కూడా తగ్గదని తెలుసు. కానీ ఇన్నేళ్లు నాలోనే దాచిన మాట మొదటిసారి బయటికొస్తోంది, రత్న నేర్పిన అక్షరాల్లోనే. ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. ఇంతకంటే అడిగే హక్కు నాకు లేదు.

పెద్దాయన ఇప్పుడు లేడు. అయినా ఆ గడప మీద నిలబడి ఆయన అడిగినదానికి జవాబు చెప్పనివ్వండి.

ఉందండీ. నాకు తెలిసిన పిల్ల ఒకతుంది. పేరు రత్నకుమారి. నాకంటే బాగా చదువుతుంది. నాకు నేర్పింది తనే. మా మేడ మీదే ఉంటుంది, ఇప్పుడు బట్టలు ఆరేస్తూ ఉంటుంది. పిలుచుకొస్తాను, ఉండండి.